దీపం వెలుగుతోంది, నెట్ లేదు

కంచరపాలెం, విశాఖపట్నం
16 సెప్టెంబర్ 2025

పిన్నీ,

ఈ పొద్దున కిటికీ చువ్వ మీద చెయ్యి వేస్తే వేలికి నల్లటి బొగ్గుపొడి అంటింది. గాలి పోర్టు వైపు నుంచి తిరిగిందన్నమాట. మామ్మ లేవకముందే తుడిచేశాను. లేకపోతే ఆవిడ తడిగుడ్డ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. వేసవిలో మా పాత నెట్ డబ్బా, అదే రౌటరు, పోయింది ఆ గుడ్డ వల్లేనని నీకు తెలుసు.

నువ్వు పాడేరు దిగి వచ్చే ఆదివారాల్లో ఫోన్ చెయ్యమన్నావు. చెయ్యలేదు. ఫోన్లో నాకు మాట సగం దాకా వచ్చి ఆగిపోతుంది. పైగా ఇంట్లో అందరూ వింటూ ఉంటారు. మీ బడి ఉన్న కొండ మీద టవర్ లేకపోవడం ఒక రకంగా నాకు మేలే.

సంగతి ఇది. నువ్వు లినక్స్ వేసి ఇచ్చిన కంప్యూటర్లో ఇంటర్నెట్ నిలవడం లేదు. నెల రోజులుగా అప్పుడప్పుడు పోతోంది. నిన్నటి నుంచి పొద్దున పూట అసలు లేదు. తెర మూల ఉండే విసనకర్ర లాంటి వైఫై బొమ్మ బూడిదరంగుకి తిరుగుతుంది. సాయంత్రం నాలుగు దాటాక దానంతట అదే నిండుతుంది. నిన్న ఐదింటికి నెట్ కంపెనీ అతను వచ్చాడు. అప్పటికి నెట్ బాగానే ఉంది. నా తెర చూసి, "ఇదేటి మేడమ్, విండోస్ కాదా? అయితే తప్పు దీందే. మార్పించేయండి" అని చెప్పి వెళ్లిపోయాడు. నాకు మార్చడం ఇష్టం లేదు. నువ్వు నేర్పినవన్నీ దీంట్లోనే ఉన్నాయి.

ఇంకొకటి. ఇది నీకు మాత్రమే. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పెట్టే ఒక సంస్థ అచ్చుతప్పులు దిద్దేవాళ్లను తీసుకుంటోంది. ఇంట్లో ఉండి చేసే పని. నా దరఖాస్తు చూసి పరీక్షకి పిలిచారు. అక్టోబర్ 11, శనివారం, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ఎవరి కంప్యూటర్లో వాళ్లే రాయాలి. గదిలో మరొకరు ఉండకూడదు, కెమెరా వేసి ఉండాలి. నెట్ రెండు నిమిషాలు తెగితే పరీక్ష పోయినట్టే. చివర పావుగంట వాళ్లతో మాట్లాడాలట. దాని సంగతి ఇప్పుడు తలుచుకోను.

నా ఫోన్ డేటా మేడమెట్ల మీద తప్ప లోపల అందదు. కంప్యూటర్‌ని మెట్ల మీదికి మొయ్యలేను.

అమ్మకీ నాన్నకీ చెప్పలేదు. పోయినేడు హైదరాబాద్‌లో ఎమ్మే సీటు వచ్చినప్పుడు నాన్న రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. మూడో రోజు నేనే వద్దనుకున్నానని చెప్పేశాను. ఈసారి ఉద్యోగం వస్తే చెబుతాను. రాకపోతే చెప్పేదేమీ ఉండదు.

ఏం చెయ్యమంటావో రాయి.

సత్యశ్రీ


20 సెప్టెంబర్

సత్యా,

నీ ఉత్తరం సంతబస్సులో కందిపప్పు బస్తాల మధ్య ప్రయాణం చేసి వచ్చింది. ఇప్పటికీ పప్పు వాసనే. విసనకర్ర బొమ్మ అన్నావే, ఇకమీదట మా తొమ్మిదో తరగతి పిల్లలకి అలాగే చెబుతాను.

విండోస్ వేయించావంటే నేను కొండ దిగి వచ్చి నిన్ను తంతాను.

నెట్ పోయినప్పుడు ముందు భయపడకు. దారి ఎక్కడ దాకా ఉందో చూడు. నల్ల కిటికీ తెరువు, అదే టెర్మినల్. పింగ్ అని కొట్టి మీ నెట్ డబ్బా అంకె ఇవ్వు. జవాబు వస్తే డబ్బా దాకా దారి ఉన్నట్టు. తర్వాత నాలుగు ఎనిమిదులు ఇవ్వు, మధ్యలో చుక్కలు పెట్టి. జవాబు వస్తే ఊరి బయటికీ దారి ఉంది. ఆ తర్వాత ఏదైనా సైటు పేరు ఇవ్వు. అంకెకి పలికి పేరుకి పలక్కపోతే దారి బాగానే ఉంది, చిరునామాల పుస్తకం పోయింది. అప్పుడు సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ అని ఉన్నచోట ఆ నాలుగు ఎనిమిదులే రాసి, కంప్యూటర్ ఒకసారి ఆపి వెయ్యి. నాకు అనుమానం ఇదే.

రెండు ప్రశ్నలు. డబ్బా మీద దీపాలు వెలుగుతున్నాయా? ఇంట్లో వేరే ఫోన్‌కి నెట్ వస్తోందా?

పావుగంట మాట్లాడటం గురించి నేనూ ఏమీ అనను. ఇప్పటికి.

జ్యోతిర్మయి పిన్ని


24 సెప్టెంబర్

పిన్నీ,

నీ ఉత్తరం సోమవారం అందింది. నిన్న పొద్దున లేవగానే నల్ల కిటికీ తెరిచాను. డబ్బా పలికింది. నాలుగు ఎనిమిదులూ పలికాయి. పేరూ పలికింది. జబ్బేమీ కనిపించలేదు. అయినా మందు ఊరికే పోనివ్వడం దేనికని డీఎన్‌ఎస్ మార్చేశాను. పన్నెండు దాకా నెట్ నీళ్లలా వచ్చింది. నీకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

పన్నెండున్నర దాటాక పోయింది. సాయంత్రం కూడా రాలేదు. ఇవాళా అంతే. పోయిన వారం పొద్దున ఉండేది కాదు, ఈ వారం మధ్యాహ్నం ఉండటం లేదు. నీ మందు జబ్బుని తగ్గించలేదు గానీ, పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి జరిపింది. పోయినప్పుడు పింగ్ చేస్తే డబ్బా కూడా పలకదు.

నీ ప్రశ్నలకి జవాబులు. డబ్బా ఇప్పుడు నాన్న చేయించిన పెట్టెలో ఉంటుంది, గోడకి, తలుపు పక్కన. మామ్మ గుడ్డ తగలకుండా. నాన్న బయటికి వెళ్తే దానికి తాళం వేస్తాడు. తలుపు సందులోంచి చూస్తే ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, నెట్ లేనప్పుడు కూడా. వేరే ఫోన్ అంటే నాన్నదే. నా ఫోన్లో వైఫై పాడయింది, అమ్మది బటన్ల ఫోన్. ఎప్పుడు అడిగినా తన ఫోన్లో నెట్ బాగానే వస్తోందని అంటాడు నాన్న.

చేపల చిట్టమ్మ రోజూ మెట్ల కింద గంప దించి కిటికీలోంచి నన్ను చూస్తుంది. "ఏటమ్మా, పొద్దత్తమానం దాని ముందర కూకుని ఏటి సేత్తన్నావు? సేపలు కొనవు, మాటా ఆడవు" అంది ఇవాళ. నవ్వాను. మాట వచ్చేలోపల ఆవిడ గంప ఎత్తుకుంది.

పదిహేడు రోజులుంది.

సత్యశ్రీ


27 సెప్టెంబర్

సత్యా,

నీ జవాబులతో పని సులువయింది. దీపం వెలుగుతోంది కాబట్టి డబ్బా బతికే ఉంది. బావ ఫోన్‌కి వస్తోంది కాబట్టి నెట్ ఇంటిదాకా వస్తోంది. మిగిలింది నీ కంప్యూటరే. బావ కొయ్యపెట్టె చేయించడం బాగుంది. పాలిటెక్నిక్‌లో పనిచేసినప్పుడు మా స్టాఫ్ రూములోనూ డబ్బా చెక్క బీరువాలోనే ఉండేది, ఏ ఇబ్బందీ లేదు.

వైఫై పట్టే ముక్కకి కరెంటు ఆదా కోసం మధ్యమధ్య నిద్రపోయే గుణం ఉంటుంది. లినక్స్ కొన్నిసార్లు దాన్ని మరీ ఎక్కువగా నిద్రపుచ్చుతుంది. కాయితం వెనకవైపు ఆజ్ఞ రాశాను. అక్షరం తప్పకుండా కొట్టు, నిద్ర మానుతుంది.

అది చేసినా పోతే, నేను పిల్లలచేత చేయించే పనే నువ్వూ చెయ్యి. ఒక పుస్తకంలో నెట్ పోయిన గంట, వచ్చిన గంట రాయి. సిగ్నల్ అంకె రాయి. ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోందో అదీ రాయి, పిల్లి వచ్చినా సరే. నీకు అనవసరం అనిపించింది ముందు రాయి.

పిన్ని


3 అక్టోబర్

పిన్నీ,

నిద్ర మాన్పించాను. అయినా పోతోంది. పుస్తకంలోంచి ఎత్తి రాస్తున్నాను.

సోమవారం. సాయంత్రం దాకా ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకి పోయింది. అంకె డెబ్బై నుంచి పదికి పడి, తర్వాత అదీ లేదు. అప్పుడు ఇంట్లో: మామ్మ బీపీ మాత్ర వేసుకుంది, నాన్న డ్యూటీకి బయల్దేరాడు, గూడ్సు బండి వెళ్లింది.

మంగళవారం. పొద్దున ఏడున్నరకి వచ్చింది. అప్పుడు: పాలు వచ్చాయి, నాన్న వచ్చి కాళ్లు కడుక్కున్నాడు, గూడ్సు బండి. రాత్రి ఎనిమిదిన్నరకి మళ్లీ పోయింది. మాత్ర, నాన్న, గూడ్సు.

బుధవారం అచ్చం అలాగే.

గురువారం దసరా. నాన్నకి సెలవు. పొద్దున వచ్చింది మొదలు పడుకునేదాకా ఒక్కసారి కూడా పోలేదు. ఆ రోజు గూడ్సు బళ్లు తక్కువ. పిన్నీ, ఇనుప ఖనిజంతో వెళ్లే బళ్లకీ సిగ్నల్‌కీ సంబంధం ఉంటుందా? మా గోడకీ పట్టాలకీ నలభై అడుగులు ఉంటుందేమో.

నాన్న ఆయుధపూజకి తన టెస్టరు, కటింగ్ ప్లేయరు, స్పానర్లు పీట మీద వరసగా పెట్టాడు. తర్వాత కుంకుమ గిన్నె తీసుకొచ్చి నా కంప్యూటర్‌కి కూడా బొట్టు పెట్టాడు. "ఇదీ పనిముట్టే గదా" అన్నాడు. ఏ పనికో అడగలేదు. నేను చెప్పలేదు.

ఎనిమిది రోజులుంది. రాత్రి కల్లో విసనకర్ర కనిపిస్తోంది.

సత్యశ్రీ


6 అక్టోబర్

సత్యా,

మా హెడ్మాస్టరు ఉమాశంకర్ గారు పని మీద విశాఖ వస్తున్నారు. పోస్టుకైతే ఆలస్యమని ఇది ఆయన చేతికిస్తున్నాను.

గూడ్సు బండి కాదు. మాత్ర కాదు. నీ పుస్తకం నువ్వే ఒకసారి చదువు. నెట్ మీ నాన్నతోపాటు డ్యూటీకి వెళ్తోంది, ఆయనతోపాటు ఇంటికొస్తోంది. ఆయనకి సెలవైతే దానికీ సెలవే. సెప్టెంబర్లో గంటలు మారింది కూడా ఆయన షిఫ్టులు మారినందుకే.

తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఇరవై ఆరేళ్లు స్టీల్‌ప్లాంటులో కరెంటు పని చేసినవాడికి దీపం వెలగనిచ్చి వెనక తీగ ఊడదీయడం ఎంతసేపు? పరీక్ష సంగతి ఎలాగో ఆయన చెవిన పడి ఉంటుంది. హైదరాబాద్ అప్పుడు నోరు మూసుకుని ఆపాడు, ఇప్పుడు తాళం వేసి ఆపుతున్నాడు. అప్పుడు నేను ఊరుకున్నాను. ఈసారి ఊరుకోను.

లోపల బావకి చీటీ పెట్టాను, ఇవ్వు. చివరి వాక్యం తప్ప మిగతాదంతా మర్యాదగానే రాశాను.

పిన్ని


9 అక్టోబర్

పిన్నీ,

చీటీ ఇవ్వలేదు. చదివి, నిఘంటువులో పెట్టాను. చివరి వాక్యం నిజంగానే బాగాలేదు.

ఉమాశంకర్ గారు మంగళవారం వచ్చి వెళ్లారు. సాయంత్రం నాన్న ఇంటికి వచ్చి, చొక్కా విప్పకముందే పెట్టె తాళం తీసి తలుపు బార్లా తెరిచాడు. రోజూ చేసేదే. నేను ఏనాడూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నీ ఉత్తరం చేతిలో ఉంది కాబట్టి చూశాను. తీగలన్నీ దేని చోట అది ఉన్నాయి. ఏదీ ఊడలేదు.

ఉత్తరం మడిచి అడిగాను. "నాన్నా, వెళ్లేటప్పుడు తాళం ఎందుకు వేస్తావు?"

"మీ మామ్మకి జడిసి. పోయినసారి తడిపి సంపేసింది గదా. పేనల్ పెట్టెకి తాళం లేకపోతే నాకు డ్యూటీలో మనసు నిలవదు."

"మరి రాగానే తీసేస్తావెందుకు?"

"లోపల ఏడెక్కిపోద్ది. నాను ఉన్నంతసేపూ గాలాడనిత్తాను."

అంతే పిన్నీ. ఇంకేమీ లేదు. ఆయన తాళం వేస్తే నాకు నెట్ రావడం లేదని చెప్పాను. నమ్మలేదు. తను కరెంటు ఆపలేదనీ, దీపం వెలుగుతూనే ఉంటుందనీ అన్నాడు. సరే, నేను కంప్యూటర్ ముందు కూర్చుని సిగ్నల్ అంకె చదువుతాను, నువ్వు తలుపు మూసి తెరువు అన్నాను. తెరిచి ఉంటే డెబ్బై నాలుగు. మూస్తే పదకొండు. తెరిస్తే డెబ్బై మూడు. మూస్తే తొమ్మిది. ఆరుసార్లు చేయించాడు. ఆరోసారి తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"ఇనుము" అన్నాడు.

ఆటోనగర్‌లో ఆయన స్నేహితుడు అర్జునరావు షెడ్డులో చేయించిన పెట్టె అది. మందపాటి రేకు, రెండు పూతలు రెడ్ ఆక్సైడు రంగు. చుట్టూ ఇనుము ఉంటే వైఫై బయటికి రాదు. అది నేను ఇంటర్ ఫిజిక్స్‌లో చదివి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. మా గోడ మీదికి వర్తిస్తుందని తోచలేదు. నువ్వు కొయ్యపెట్టె అని రాసినప్పుడు కూడా నాకు తట్టలేదు, ఏదో పొరపాటున రాశావనుకుని చదువుకుంటూ పోయాను. మా మంచాలు ఇనుపవి, బీరువా ఇనుపది, మామ్మ కూర్చునే పీట ఇనుపది. పెట్టె అంటే ఇంకో రకం ఉంటుందని ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. నాన్న ఫోన్లో ఎప్పుడూ నెట్ వస్తుందన్న మాటా నిజమే. ఆయన చూసేది ఇంట్లో ఉన్నప్పుడే, అంటే తలుపు తెరిచి ఉన్నప్పుడే.

తర్వాత నాన్న, నాకు అంత పని దేనికని అడిగాడు. శనివారం పరీక్ష ఉందని చెప్పాను. ఉద్యోగానికని, ఈ కుర్చీలోనే అని చెప్పాను.

"మరి సెప్పలేదేటి?"

"రాకపోతే ఎలా అని."

"రాకపోతే రాలేదని సెప్తావు. దానికేటి."

పెట్టె వైపే చూస్తూ అన్నాడు. "హైదరాబాద్‌కి నాను వద్దన్లేదు, అమ్మా. ఎలాగ పంపాలా అని ఆలోసిత్తన్నాను. నాకు ఆలోసన ఆలీసం. ఈలోపల నువ్వే వద్దనీసినావు."

పిన్నీ, ఆ రెండు రోజులు నేను ఒక్కసారి నోరు విప్పి అడిగి ఉంటే సరిపోయేది.

నిన్న డ్యూటీ నుంచి వస్తూ పదిహేను మీటర్ల నెట్ కేబుల్ తెచ్చాడు. పెట్టె అడుగున రంధ్రం వేసి, తీగ కోసుకోకుండా రబ్బరు కట్టు వేశాడు. గోడ వెంట జానెడుకో క్లిప్పు కొట్టుకుంటూ నా బల్ల దాకా తెచ్చాడు. తీగలో వచ్చేదానికి ఇనుము అడ్డం కాదు. పెట్టె మూసే ఉంటుంది, తాళమూ ఉంటుంది, మామ్మ గుడ్డా ఉంటుంది. కంప్యూటర్ వెనక గుచ్చగానే విసనకర్ర పోయి వేరే బొమ్మ వచ్చింది. లినక్స్ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పింగ్ చేస్తే రెప్పపాటులో జవాబు.

వేడి సంగతి అడిగితే, పక్కరేకుకి వరసగా కన్నాలు వేస్తానన్నాడు నాన్న. మామ్మ వేలు దూరనంత చిన్నవి.

ఎల్లుండి పరీక్ష. మిగిలింది పావుగంట మాట్లాడటమే.

సత్య


12 అక్టోబర్

సత్యా,

ఆ చీటీ చింపెయ్యి. పొయ్యిలో వెయ్యి. నిఘంటువులో ఉంచకు, పదాల మధ్య బతికిపోతుంది.

పదిహేనేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పాను. పెట్టె దేంతో చేశారని ఒక్క మాట అడగలేదు. నా మనసులో కొయ్య ఉంది, కొయ్య అని రాసేశాను. బావ గురించీ అంతే. సగం తెలిస్తే మిగతా సగం నేనే అల్లేశాను. ఆయనతో నేనే చెబుతాను, వచ్చే ఆదివారం పాడేరు నుంచి ఫోన్ చేస్తాను. నువ్వేమీ చెప్పొద్దు.

నిన్న పది నుంచి ఒంటిగంట దాకా ఇక్కడ పిల్లలకి లెక్కల పరీక్ష పెట్టాను. నీతోపాటు ఎవరో ఒకరు రాస్తూ ఉండాలనిపించింది. పాపం, వాళ్లు నన్ను తిట్టుకున్నారు.

ఎలా రాశావు?

పిన్ని


17 అక్టోబర్

పిన్నీ,

నెట్ ఒక్కసారి కూడా తెగలేదు. మూడు గంటల్లో నలభై పేజీలు ఇచ్చారు. వెలిసిపోయిన అచ్చు, చిరిగిన అంచులు. ముప్పై ఏడు పూర్తి చేశాను.

తర్వాత తెర మీద ఇద్దరు వచ్చారు. ఒకావిడ తెల్లజుట్టుతో, కాస్త మా కాన్వెంట్‌లో హిందీ చెప్పిన సిస్టర్‌లా ఉంది. తప్పు కనిపించగానే దిద్దేస్తారా అని అడిగింది. నాకు మాట సగం దాకా వచ్చి ఆగింది. ఆవిడ ఆగింది. తొందరపెట్టలేదు. అప్పుడు చెప్పాను, ముందు అది తప్పో కాదో తెలుసుకుంటాను, వేరే ప్రతి ఉంటే పోల్చి చూస్తాను, తెలియకపోతే మిమ్మల్ని అడుగుతాను అని. అడగటానికి మొహమాటపడరా అంది. పడతాను, అయినా ఈ మధ్య అడుగుతున్నాను అన్నాను. ఇద్దరూ నవ్వారు. పావుగంట అన్నది ఇరవై నిమిషాలయింది.

నిన్న జవాబు వచ్చింది. నవంబర్ ఒకటి నుంచి చేరమన్నారు. మొదటి మూడు నెలలూ పని చూస్తారట. అమ్మకి చెబితే ముందు ఏడ్చి, తర్వాత పెసరట్లు వేసింది. మామ్మకి నమ్మకం కుదరలేదు. "ఇంట్లో కూకుంటే ఉజ్జోగమేటి, ఇంట్లో కూకుంటే ఇల్లే" అంది. తెల్లజుట్టావిడ తెర మీద కనిపిస్తే చూపిస్తానని మాటిచ్చాను.

నీ ఫోన్ ఆదివారం వస్తుందని నాన్నకి చెప్పాను, ఎందుకో చెప్పలేదు. చీటీ పొయ్యిలో వేశాను.

పరీక్ష అయ్యాక తలుపు తీస్తే నాన్న మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పదింటి నుంచీ అక్కడే ఉన్నాడట. అమ్మని మిక్సీ వెయ్యనివ్వలేదు. మామ్మని పక్కింట్లో కూర్చోబెట్టాడు. చిట్టమ్మ గంపతో వస్తే వీధి మొదట్లోనే ఎదురెళ్లి, ఇయ్యాల కేకెయ్యొద్దని చెప్పాడట. ఆవిడ మెట్ల దాకా వచ్చి, కవ్వళ్ల చేపల ధర ఆయన చెవిలో చెప్పింది. నాన్న బేరమాడకుండా కొనేశాడు. ఆ పూట చేపల పులుసు చాలా బాగుంది.

నాన్న ఏమడిగాడో తెలుసా? ఎలా రాశావని కాదు. తీగ బాగా పనిచేసిందా అని.

బాగా పనిచేసిందని చెప్పాను.

నీ సత్య

ఒకటి రాయలేదు కదూ. ఆ శనివారం నాన్నది పొద్దుటి షిఫ్టు. వెళ్లలేదు.